పొనిరా అవ్వ తమ్ముడు

జావాలో మా కరంగ్‌జాతి ఊళ్ళో మాజీ ప్రధాని ధర్మోసుబ్రోతో గారు పుట్టిన ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళకి టికెట్ చింపి ఇచ్చేది నేనే, లోపల తిప్పి చూపించేదీ నేనే. నా పేరు తుమినీ. పన్నెండేళ్ళుగా అదే పని. ముందు మండపం, ఆయన చదువుకున్న బల్ల, నిలువుటద్దం, పుట్టిన గది, ఆ గదిలో దోమతెర కట్టిన పెద్ద మంచం. చూపించీ చూపించీ కళ్ళు మూసుకున్నా ఎక్కడేముందో చెప్పగలను. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. జనం వచ్చేది నా కోసం కాదు, ఆ మంచం కోసం అంతకన్నా కాదు. వెనక వంటింట్లో కూర్చునే పొనిరా అవ్వ కోసం వచ్చేవాళ్ళు.

అవ్వకి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మనిషి చింతబరికెలా ఉండేది. కాలవ గట్టున ఆమె గుడిసె. పొద్దున్నే వచ్చి వంటింట్లో పొయ్యి రాజేసేది. వండటానికేమీ ఉండదు. టేకు ఇంటికి రోజూ ఇంత పొగ తగలకపోతే పురుగు పడుతుందని ఆమె వాదన. నాలుగు తరాల దూలాలు ఇప్పటికీ రాయిలా ఉన్నాయి కాబట్టి నేనూ కాదనేదాన్ని కాదు. పొయ్యి అంటుకోగానే స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఆకూ వక్కా నోట్లో వేసుకునేది. చూడటానికి వచ్చినవాళ్ళని అక్కణ్ణుంచే కేకేసేది.

"ఎవర్ని చూడ్డానికొచ్చారు? తెంబోంగునా? వాడు లేడు. పోయి పదమూడేళ్ళయింది. అయినా కూర్చోండి, వాడి సంగతులు నేను చెప్తా."

తెంబోంగ్ అంటే మా భాషలో పుట్టుమచ్చ. ఆయనకి ఎడమ చెవి కింద ఉండేదట. ధర్మోసుబ్రోతో అన్న పెద్ద పేరు మా ఆచారం ప్రకారం పెళ్ళినాడు పెట్టుకున్నది. అవ్వ నోట ఆ పెద్ద పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

"వాడు పుట్టేప్పటికి నాకు నలభై రోజులు," అని మొదలుపెట్టేది. "వాళ్ళమ్మ దొరసాని. కాన్పయిన మూడోనాడే జ్వరం తగిలి పాలు ఎండిపోయినయ్. మా నాయన ఈ ఇంట్లో గుర్రాలు చూసేవాడు. దొర మా అమ్మని పిలిపించాడు. మా అమ్మ పేరు కార్సినా. నన్ను చంకనేసుకుని వచ్చింది, దొరసాని మంచం పక్కన కింద చాపేసుకుంది, ఇద్దర్నీ చెరోవైపు పడుకోబెట్టుకుంది. కుడి రొమ్ము వాడికి, ఎడమది నాకు. రెండేళ్ళు అట్టాగే. కుడివైపు పాలెక్కువంట. అందుకే వాడు ప్రధానయ్యాడు, నేను పొయ్యి ఊదుతున్నా."

జనం పకపకా నవ్వేవాళ్ళు. ఎవరో ఒకరు ప్రతిసారీ అడిగేవాళ్ళు, "ప్రధానమంత్రి గారిని ఒరే అని పిలిచేదానివా అవ్వా?" అని.

"పిలవక? మీ ఇంట్లో తమ్ముణ్ణి తమరూ అంటారా?"

మా జావా భాషలో పై మాట, కింది మాట అని ఉన్నాయి. పెద్దవాళ్ళతో, గొప్పవాళ్ళతో పై మాట. చిన్నవాళ్ళతో, మనకింద పనిచేసేవాళ్ళతో కింది మాట. అన్నం తినడం, పడుకోవడం, పుట్టడం, చావడం, అన్నిటికీ రెండేసి మాటలు. నోరు తెరిచి ఒక్క ముక్క అంటే చాలు, ఎదుటివాడు నీకేమవుతాడో ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకే సిగ్గరులూ పిరికివాళ్ళూ ఇప్పుడు దేశభాషలో మాట్లాడతారు. బడిలో నేర్పేదీ రేడియోలో వినపడేదీ అదే. దానికి ఎక్కువా తక్కువా పట్టింపు లేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఇంటికి మరమ్మతులు మొదలయ్యాయి. దానితో పాటు జిల్లా ఆఫీసు నుంచి కుస్నాది గారు కొత్త అధికారిగా వచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా. వచ్చిన మొదటి వారమే అయిదు పేజీలు టైపు చేయించి నా చేతిలో పెట్టారు. ఇకమీదట ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే అప్పజెప్పాలట. "వారు ఈ శయ్యపై జన్మించారు. వారి మాతృమూర్తి ఇక్కడే స్తన్యమిచ్చి వారిని పెంచారు," అని ఉంది రెండో పేజీలో. చదువుతుంటే నాకు దగ్గొచ్చింది. ఇంతలో వంటింట్లోంచి అవ్వ గొంతు వినపడింది, "వాడికి పనసకాయ కూరంటే ప్రాణం, కుండ నాకేసేవాడు," అని.

కుస్నాది గారు ముఖం మాడ్చుకుని వంటింట్లోకి నడిచారు. వెనకే నేను.

"అవ్వా, ఇది జాతీయ నాయకుడి గృహం. ఇక్కడ 'వాడు' అనే మాట వినపడకూడదు."

"ఎవుడు వాడు?" అంది అవ్వ.

"అదే, వారు."

"ఎవరు వారు? నాకు తెలిసినోళ్ళేనా?"

నేను నవ్వు ఆపుకోలేక పొయ్యిలో కట్టె ఎగదోశాను. ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి.

"చూడవ్వా, నువ్వు ఆయనకి పాల అక్కనని అందరితో చెప్తున్నావు. దానికి సాక్ష్యం ఏముంది? కాగితం ఉందా?"

"పాలకి రసీదు ఇస్తారా నాయనా? మీ అమ్మ ఇచ్చిందా నీకు?"

"కుటుంబం వారు ఎక్కడా చెప్పలేదు."

"ఒక తల్లి పాలు తాగినోళ్ళు తోబుట్టువులని చెప్పేది కుటుంబం కాదయ్యా, మన మతం. పెళ్ళి కూడా కుదరదు ఇద్దరికీ. పోయి మసీదులో అడుగు. కాళ్ళు కడుక్కుని వెళ్ళు."

ఆ సాయంత్రమే కుస్నాది గారు పుట్టిన గదిలో మంచం పక్కన ఉన్న పాత చాప తీయించేశారు. అది వస్తువుల జాబితాలో లేదట. కార్సినా అమ్మ ఇద్దరు పిల్లల్నీ వేసుకుని పడుకున్న చోటు గుర్తుగా అవ్వ ప్రతి రెండేళ్ళకీ తన చేత్తో కొత్తగా అల్లి పరిచేది దాన్ని. పనివాడు చుట్టచుట్టి బయట పడేస్తే నేను తీసుకెళ్ళి అవ్వకి ఇచ్చాను. అవ్వ దాన్ని దులిపి మళ్ళీ చుట్టింది. ఒక్క తిట్టూ తిట్టకపోయేసరికి నాకు భయం వేసింది.

ఆగస్టులో ఇల్లు తిరిగి తెరుస్తామన్నారు. జకార్తా నుంచి ఒక పెద్ద అధికారి వస్తాడు, ప్రధాని గారి కూతురు కుసర్తినా అమ్మగారు వస్తారు, పేపరువాళ్ళు వస్తారు. అవ్వ వంటింట్లో కూర్చోవచ్చునని, కానీ మాట్లాడితే 'వారు' అనే మాట్లాడాలని, లేకపోతే మర్నాటి నుంచి గుమ్మం తొక్కనివ్వమని కుస్నాది గారు నా చేత చెప్పించారు.

నేను చేసిన తప్పు ఒప్పుకుంటాను. ఆ రోజు నేను కూడా అవ్వకే నచ్చజెప్పబోయాను.

"ఒక్క మాటే కదా అవ్వా. ఆ కాసేపూ వారూ వీరూ అనేస్తే పోలా? వాళ్ళు కారెక్కి వెళ్ళాక మళ్ళీ నీ ఇష్టం."

అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే నావైపు తిరిగింది. "ఒక్క మాటేనే. నీకు టికెట్ చింపినంత తేలిక. నేను వాణ్ణి వారూ అన్నాననుకో, అప్పుడు నేనెవర్ని? గుర్రాలోడి కూతుర్ని, దొరవారి ఇంట్లో పనిపిల్లని. మరి మా అమ్మెవరు? కూలికి పాలు పోసి పోయిన ఆడమనిషి. నేను వాడూ అన్నంతకాలమే మా అమ్మ వాడికి అమ్మ. ఆవిడకి గోరీ మీద పేరు లేదు, పటం లేదు, మీ అయిదు కాగితాల్లో ఒక ముక్క లేదు. నా నోట్లో ఆ ఒక్క మాటే ఉంది. అది కూడా ఊసెయ్యమంటావా?"

పళ్ళెంలో ఉడికిన కర్రపెండలం ముక్క ఉంటే తీసుకుని నములుతూ కూర్చున్నాను.

"వాడికి తెలుసు," అంది అవ్వ పొయ్యిలో కట్టె సర్దుతూ. "రంజాను పండక్కి ఎక్కడున్నా వచ్చేవాడు. ప్రధానైన ఏడు కూడా వచ్చాడు, జెండా కట్టిన కార్లో. మండపం నిండా జనం. వాడు తిన్నగా ఈ వంటింట్లోకొచ్చి, నేను ఈ పీట మీద కూర్చుంటే కింద కూర్చుని, నా మోకాలికి నుదురు ఆనించి, పై మాటలో, 'అక్కగారూ, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించండి,' అన్నాడు. దేశానికి పెద్దవాడివైతే అయ్యావు, లేరా, పాంటు మసవుతుందని నేనన్నా. ఆ పిల్ల కూడా ఒకసారి మొక్కింది, ఎనిమిదేళ్ళప్పుడు. దానికి గుర్తుండే ఉంటుంది."

ఆ పిల్లంటే కుసర్తినా అమ్మగారు. అసలు అవ్వ ఎదురుచూస్తున్నది ఆ అధికారి కోసం కాదు, ఆమె కోసమని అప్పుడు నాకు అర్థమైంది.

ఆ రోజు రానే వచ్చింది. జకార్తా అధికారి ముందు నడిచాడు. నలభై తొమ్మిదేళ్ళ కుసర్తినా అమ్మగారు పట్టు కెబాయా రవికెలో, ఎత్తుగా చుట్టిన కొప్పుతో పక్కన నడిచారు. నేను అయిదు పేజీలూ అప్పజెప్పాను. "మాతృమూర్తి స్తన్యమిచ్చి" దగ్గర నా గొంతు ఎక్కడో గోడకి చెప్తున్నట్టు వచ్చింది. మంచం పక్క నేల ఖాళీగా తళతళా మెరుస్తోంది. కుసర్తినా అమ్మగారు ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకున్నారు. అది నేను చూశాను.

చివరికి వంటింట్లోకి వచ్చారు. అవ్వ శుభ్రమైన రవిక వేసుకుని పీట మీద కూర్చుంది. లేవలేదు. పేపరువాళ్ళు కెమెరాలు ఎత్తారు.

"ఆరోగ్యం బాగుంటోందా?" అన్నారు కుసర్తినా అమ్మగారు నవ్వుతూ. దేశభాషలో అన్నారు. నువ్వూ లేదు, తమరూ లేదు.

అవ్వ ఆకు నమలడం ఆపింది. "ఏంటి?"

"ఆరోగ్యం. భోజనం అదీ సరిగా జరుగుతోందా అని."

"ఆ భాష నాకు రాదు పిల్లా. అది రేడియో భాష. మనూరి మాట మాట్లాడు."

కుస్నాది గారు గబగబా ముందుకొచ్చారు. "పెద్దావిడ, చెవుడు కొంచెం..."

"నీకుందేమో చెవుడు," అంది అవ్వ ఆయన వైపు చూడకుండానే. "పిల్లా, నీ దగ్గర రెండు మాటలున్నాయి. నేను నీకు మీ నాయన అక్కననుకుంటే అత్తగారూ అని పై మాటలో అను. పనిమనిషిననుకుంటే ఏమే అని కింది మాటలో అను. అదీ పడతా, నా తలరాత అనుకుంటా. రెండిట్లో ఏదో ఒకటి అను. రేడియో వెనక మాత్రం దాక్కోకు."

కుసర్తినా అమ్మగారి పెదవులు కదిలాయి. ఆమె అధికారి వైపు చూశారు, కెమెరాల వైపు చూశారు. నేనైతే అనమ్మా, ఒక్క మాట అనేయమ్మా అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"ఆలస్యమవుతోంది కదా," అన్నారామె, మళ్ళీ దేశభాషలోనే. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

అవ్వ వాళ్ళ వీపుల మీదుగా ముందు మండపం దాకా వినపడేట్టు కేక పెట్టింది. "ఒరే తెంబోంగూ! దేశం మొత్తానికీ మాటలు చెప్పావు గానీ, కన్నకూతురికి మాట నేర్పలేకపోయావురా!"

మర్నాడు పొద్దున వంటింటికి తాళం పడింది. పొయ్యిలో నీళ్ళు పోశారు. ఉత్తరువు కాగితం నా చేతికే ఇచ్చి అవ్వకి చదివి వినిపించమన్నారు. గుడిసె ముందు నిలబడి చదివాను. చదువుతుంటే నాకే సిగ్గేసింది. అవ్వ అంతా విని, "సరే పో," అంది.

మూడో రోజు ఉదయం టికెట్ కిటికీ ముందు వరసలో అయిదో మనిషి ఆవిడే. గొడుగు చంకలో పెట్టుకుని నిలబడింది.

"అవ్వా, నువ్వు లోపలికి రాకూడదు కదా."

"ఆ కాగితం తియ్యి. ఏముంది అందులో?"

తీసి చదివాను. "'గృహంలో కూర్చోవడం, పొయ్యి వెలిగించడం, సందర్శకులకు వివరణ ఇవ్వడం నిషేధం,' అని ఉంది."

"నిలబడటం?"

"నిలబడటం గురించి లేదు."

"చూడ్డం?"

"లేదు."

"అయితే నాకో టికెట్టివ్వు. మా తమ్ముడి ఇల్లు చూడ్డానికొచ్చా."

వెనక వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను టికెట్ చింపి ఇచ్చాను. పన్నెండేళ్ళలో అంత సంతోషంగా చింపిన టికెట్ మరోటి లేదు.

ఆ రోజు నుంచి ఆమె రోజూ టికెట్ తీసుకుని వచ్చేది. తిన్నగా పుట్టిన గదిలోకి వెళ్ళి, మంచం పక్కన చాప ఉండే చోట నిలబడేది. ఎవరికీ వివరణ ఇచ్చేది కాదు, కాగితం ప్రకారమే. మంచంతో మాట్లాడేది. "ఒరే, నిన్న నీ ఇంటి దూలానికి పురుగు పట్టిందిరా. పొగ లేదుగా మరి." "ఒరే, అమ్మ చాప తీసేశారు. ఇక్కడే కదరా నువ్వు నా చెయ్యి కొరికింది." పక్కన చుట్టూ మూగిన జనం వింటే అది ఆమె తప్పు కాదు. కుస్నాది గారు గుమ్మంలో నిలబడి పళ్ళు నూరేవారు. "ఇది వివరణ కాదా?" అని నన్నడిగారు ఓసారి. "తమ్ముడితో మాట్లాడుతోందండీ," అన్నాను నేను. "చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడకూడదని కాగితంలో లేదు కదండీ."

అయినా రోజంతా నిలబడటమంటే మాటలా? డెబ్బై ఎనిమిదేళ్ళ కాళ్ళవి. మధ్యాహ్నానికి పాదాలు పొంగేవి. కూర్చోమని నేను బతిమాలినా వినేది కాదు. కూర్చుంటే ఉత్తరువు దాటినట్టవుతుందట, వాళ్ళకి ఆ సాకు దొరకనివ్వదట.

మాకు వానలు నవంబరులో. అవి మొదలయ్యాక ఒక మంగళవారం. పొద్దుటి నుంచి ఎడతెరిపి లేని వాన. అవ్వకి తప్ప ఇంకెవరికీ టికెట్ ఇవ్వలేదు. పదకొండింటికి రిక్షాలోంచి ఒకావిడ దిగింది. కారు లేదు, కొప్పు లేదు, మామూలు నూలు బట్ట. కుసర్తినా అమ్మగారు. నా కిటికీ దగ్గరికి వచ్చి టికెట్ అడిగారు. ఇచ్చి, ఆమె వెనకే లోపలికి నడిచాను. చాటుగా వినాలన్న బుద్ధి లేదని అబద్ధం చెప్పను.

అవ్వ మంచం పక్కన నిలబడి ఉంది. కుసర్తినా అమ్మగారు గుమ్మంలోనే చెప్పులు వదిలి, ఆ తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, అవ్వ మోకాళ్ళకి నుదురు ఆనించారు.

"అత్తగారూ," అన్నారు. స్వచ్ఛమైన పై మాట. "తమరు నన్ను క్షమించాలి. ఆ రోజు నా నోరు పెగల్లేదు."

అవ్వ చెయ్యి ఆమె తల దాకా వెళ్ళి ఆగిపోయింది.

"లే," అంది. "లేచి అటూ ఇటూ చూడు. ఎవరున్నారిక్కడ?"

"ఎవరూ లేరండి."

"అందుకే అన్నావు. ఈ మాట ఆదివారం వచ్చి అను. బస్సులొస్తాయి."

"అత్తగారూ, తమకి తెలియదు. మా వంశచరిత్ర అచ్చువేస్తున్నారు. మా నాయనమ్మ గారి వైపు సంస్థానం వాళ్ళున్నారు. నాన్నగారు గుర్రాల మనిషి పెళ్ళాం పాలు తాగి పెరిగారని పదిమందిలో తెలిస్తే నేను తలెత్తుకోలేను. కానీ నాకు గుర్తుంది. నాకు అన్నీ గుర్తున్నాయి. నాన్నగారు పోయేముందు కూడా అక్కగారు ఎలా ఉన్నారని అడిగారు."

ఆ చివరి మాటకి అవ్వ మంచం పట్టె పట్టుకుంది. "అడిగాడా? అడిగే ఉంటాడు. వాడు మనిషి. నిన్ను నేను కోప్పడట్లేదు పిల్లా. కానీ చాటున ఇచ్చేది నాకొద్దు. మా అమ్మ మీ నాయనకి చాటున పాలిచ్చిందా? ముప్పై మంది తిరిగే ఇంట్లో, దొరసాని మంచం పక్కనే చాపేసుకుని, అందరూ చూస్తుండగా ఇచ్చింది. ఆవిడ సిగ్గుపడలా. నువ్వూ పడకుండా ఉండే రోజున రా."

కుసర్తినా అమ్మగారు చాలాసేపు అలాగే కూర్చుని ఏడ్చారు. తర్వాత లేచి, మళ్ళీ ఒకసారి వంగి, వానలోకి వెళ్ళిపోయారు.

నేను గుమ్మం చాటు నుంచి బయటికొచ్చాను. అవ్వ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఏడుస్తోంది.

"దాని చేతులు చూశావటే? అచ్చం వాడి చేతులే," అంది.

"ఆ మొక్కు తీసుకోవాల్సింది కదా అవ్వా. అంతదూరం వచ్చింది పాపం."

"తీసుకుంటే నా కడుపు నిండేదే. మా అమ్మకేం మిగిలేది?"

ఆ ఆదివారం రెండు బస్సులొచ్చాయి. ఒకదాంట్లో కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్ళు, ఇంకోదాంట్లో పక్క జిల్లా టీచర్లు. అవ్వ టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళింది గానీ, మంచంతో మాట్లాడలేదు. కిటికీలోంచి బయటి గేటు వైపే చూస్తూ నిలబడింది. పది దాటింది, పదకొండు దాటింది. రిక్షా ఏదీ ఆగలేదు. పన్నెండింటికి ఆమె గేటు వైపు చూడటం మానేసింది. పొంగిన పాదాలు ఒకదాని మీంచి ఒకదాని మీదకి బరువు మార్చుకుంటోంది.

నేను నలభై మందిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి వచ్చాను. గుమ్మంలో కుస్నాది గారు. నా నోట్లో రెండో పేజీ సిద్ధంగా ఉంది.

"వారు ఈ శయ్యపై జన్మించారు. వారి మాతృమూర్తి ఇక్కడే..."

అక్కడ ఆగిపోయాను. అవ్వ నావైపు చూడట్లేదు. చూసి ఉంటే బహుశా అప్పజెప్పేసేదాన్నే. ఆమె కళ్ళు వంచుకుని, చాప లేని ఆ నేల వైపు చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కుసర్తినా అమ్మగారి మీద కాదు, కుస్నాది గారి మీద కూడా కాదు. ఇన్ని నెలలుగా ఆ ముక్క అప్పజెప్తున్న నా నోటి మీద.

"ఇది అబద్ధం," అన్నాను. మా ఊరి మాటలో, గట్టిగా. "దొరసాని గారికి పాలు లేవు. వాడు తాగింది కార్సినా అమ్మ పాలు. ఈ మంచం మీద కాదు, ఇదుగో ఇక్కడ, నేల మీద, చాప మీద. వాడికి..."

వీపు మీద గొడుగు దెబ్బ పడింది. ఉలిక్కిపడి తిరిగాను.

"ఏమే తుమినీ!" అవ్వ కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. "ఎవర్నే వాడంటున్నావు?"

"అవ్వా, నేను నీ తరపునే..."

"ఏ తరపైతే నాకేంటే? దేశానికి ప్రధానిగా చేసినాయన. నీకు తాత వయసు. బుద్ధుందా? వాణ్ణి వాడనేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. మా అమ్మ నాకిచ్చింది ఆ హక్కు. నీకెవరిచ్చారు? మా తమ్ముణ్ణి పట్టుకుని నా ముందే వాడూ వీడూ అంటావా? మళ్ళీ చెప్పు. మర్యాదగా చెప్పు."

కుస్నాది గారు నోరు తెరిచారు గానీ, ఆ అయిదు పేజీల్లో దీనికి ఏ మాటా ఉన్నట్టు లేదు. నేను రెండు చేతులూ ముందు కట్టుకున్నాను. తల వంచి, మా భాషలో ఉన్న అన్నిటికన్నా పై మాట ఎంచుకుని మొదటి నుంచి చెప్పాను.

"వారు కార్సినా అమ్మగారి పాలు స్వీకరించి, ఈ నేల మీద పెరిగారు. వీరు పొనిరా గారు. వారికి అక్కగారు. నలభై రోజులు పెద్దవారు."

కుట్టుపని ఆడవాళ్ళలో ముందున్నామె చెప్పులు విడిచి అవ్వకి వంగి నమస్కరించింది. ఆ వెనకే ఇంకొకామె, ఆ వెనక టీచర్లు. అవ్వ గొడుగు చంకలో పెట్టుకుని, ఒక్కొక్కరినీ తలూపుతూ అందుకుంది. కిందటి మంగళవారం చాటున వద్దన్నది ఇప్పుడు నలభై మంది నుంచీ తీసుకుంది. అందరూ అయ్యాక మంచం వైపు తిరిగింది.

"విన్నావుట్రా?" అంది.